కాలు కొలిచి ఇద్దాం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ప్రసంగాలు చేయడం అలవాటు లేదు. ముప్పై ఏళ్లకు పైగా చెప్పుల షాపులో పని చేసినవాణ్ణి. మనిషి లోపలికి అడుగు పెట్టగానే ముఖం కంటే ముందు కాళ్లు చూసే బుద్ధి నాది. ఈ హాలు బయట మీరు విడిచిన చెప్పులు కూడా ఒకసారి చూసే లోపలికి వచ్చాను. కార్యదర్శి గారు నీకు తెలిసిన విషయమే మాట్లాడమన్నారు కాబట్టి, మన సొసైటీ ప్రతి జూన్‌లో పంచే స్కూలు బూట్ల గురించి, వాటిని వేసుకునే పిల్లల కాళ్ల గురించి నాలుగు మాటలు చెబుతాను. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పు నాదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పుస్తకాలు, యూనిఫారంతో పాటు బూట్లు, సాక్సులు కూడా కిట్‌లో ఇస్తున్నారు. అది అందని పేద పిల్లలకు, అంటే చిన్న ప్రైవేటు బడుల్లో చదివేవాళ్లకు, మదర్సా పిల్లలకు మనం ఇస్తున్నాం. కొన్నేళ్ల కిందట ఆ బూట్లు కొనే పని నాకు అప్పగించారు. పేరు, తరగతి, వయసు ఉన్న జాబితా చేతికిచ్చారు. ఇన్నేళ్ల అనుభవం ఉంది కదా అన్న ధీమాతో ఆరేళ్ల వాడికి ఇంత, పదేళ్ల వాడికి ఇంత అని వయసును బట్టి సైజులు వేసి హోల్‌సేల్ వ్యాపారికి ఆర్డరు పెట్టేశాను. మంచి ధర పడింది. పంపిణీ రోజు ఫొటోలు బాగా వచ్చాయి. ఆ ఏడాది సావనీర్‌లో కూడా వేసుకున్నాం.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం ఏదో పని మీద మదర్సాకు వెళ్లాను. పిల్లలు లోపల చదువుకుంటున్నారు. గుమ్మం బయట మనమిచ్చిన బూట్లే వరసగా ఉన్నాయి. అలవాటు కొద్దీ వంగి చూశాను. ఒక జత మడమ భాగం పూర్తిగా తొక్కేసి ఉంది, బూటు కాస్తా చెప్పయిపోయింది. ఇంకో జత ముందు భాగంలో నోటుపుస్తకం కాగితాలు ఉండ చేసి కుక్కారు. మరో జతకు బొటనవేలు దగ్గర లోపలి నుంచి తోసినట్టు పొంగు వచ్చింది. ఎన్ని జతలు అలా ఉన్నాయో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం రాలేదు.

కాసేపటికి పిల్లలు బయటికి వచ్చారు. మడమ తొక్కేసిన జత తొమ్మిదేళ్ల బాబుది. "బేటా, బూట్లు సరిపోయాయా?" అని అడిగాను. "సరిపోయాయి చాచా" అన్నాడు. ఇంకోసారి అడిగితే "చాలా బాగున్నాయి" అన్నాడు. కూర్చోబెట్టి సాక్సు తీయించాను. మడమ మీద బొబ్బ పగిలి ఎండిన మచ్చ. చిటికెన వేలు ఒరుసుకుని ఎర్రగా ఉంది. "కరుస్తున్నాయని చెప్పొచ్చు కదరా?" అన్నాను. తల వంచుకుని, "చెబితే తీసేసుకుంటారని అమ్మీ చెప్పొద్దంది" అన్నాడు.

పెద్దలారా, ముప్పై ఏళ్లలో షాపు నేర్పని పాఠం నాకు ఆ గుమ్మం దగ్గర తెలిసింది. డబ్బిచ్చి కొనే తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాడు ఆరు జతలు వేసి చూస్తాడు. ఇది బిగుతు, అది వదులు అని పేచీ పెడతాడు. ఊరికే ఇచ్చిన బూటు పుచ్చుకున్న పిల్లవాడు నోరు విప్పడు. వాడి తల్లి కూడా విప్పదు. ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారో అన్న బెరుకు ఉంటుంది, ఉన్నదీ పోతుందేమోనన్న భయం ఉంటుంది. అందుకే సరిపోయిందో లేదో చూసే బాధ్యత పుచ్చుకున్నవాళ్ల మీద వేయకూడదు. అది ఇచ్చినవాళ్లదే. సరిపోని బూటు మన లెక్కల పుస్తకంలో చేరుతుంది గానీ పిల్లవాడికి చేరదు.

పిల్లవాణ్ణి అడిగితే చాలదు

భయం లేని పిల్లవాడు కూడా సరిగ్గా చెప్పలేడు. దానికి కారణం వాడి కాలిలోనే ఉంది. పెద్దవాళ్ల పాదంలో 26 ఎముకలుంటాయి. పసిపిల్లల పాదంలో వాటిలో చాలా భాగం ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. అదంతా గట్టిపడేసరికి పదిహేనేళ్లు దాటుతాయి. మెత్తగా ఉన్న కాలిని ఇరుకు బూటులో పెడితే పెద్దవాళ్లకు పుట్టినంత నొప్పి పుట్టదు. వేళ్లు ముడుచుకుని ఉన్నచోట సర్దుకుంటాయి. పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు. తర్వాత వంకర తిరిగిన వేళ్లు, గోరు చర్మంలోకి దిగడం, ఆనెకాయలు, మడమ పుళ్లు బయటపడతాయి.

ఇక ఎదుగుదల సంగతి. మూడేళ్ల లోపు పిల్లల పాదం నెలకు రమారమి ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. మూడు నుంచి ఆరేళ్ల మధ్య నెలకు ఒక మిల్లీమీటరు. ఆ తర్వాత ఇంకాస్త నెమ్మదిస్తుంది. అంటే బడికి వెళ్లే చిన్న పిల్లవాడికి ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు, బూటు లెక్కలో ఒక సైజు. అయితే ఇది సరాసరి మాత్రమే. కొందరికి నాలుగు నెలలు కదలిక ఉండదు, తర్వాత రెండు నెలల్లో గబుక్కున పెరుగుతుంది. ఒకే తరగతిలో, ఒకే వయసున్న ఇద్దరు పిల్లల కాళ్లకు రెండు మూడు సైజుల తేడా ఉండటం మామూలే. వయసును బట్టి బూటు కొనడం ఎంత తెలివితక్కువ పనో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. ఆ తెలివితక్కువ పని చేసింది నేనే.

సైజు అంకెను నమ్ముకోవద్దు

మన దేశంలో స్కూలు బూట్ల మీద ఎక్కువగా ఉండేది ఇంగ్లండు పద్ధతి అంకె. అది పాతకాలపు బార్లీ గింజ కొలత. మూడు గింజలు ఒక అంగుళం. కాబట్టి ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. నాలుగు అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ 1తో మొదలవుతుంది. పసిబిడ్డ బూటు మీదా 1 ఉంటుంది, పదేళ్ల పిల్లవాడి బూటు మీదా 1 ఉంటుంది. ఒకసారి ఫోనులో 11 నంబరు జతలు పంపమని చెబితే, పిల్లల 11 అని వ్యాపారికి అర్థం కాలేదు. భారీ మనిషికి పట్టే బూట్లు వచ్చాయి. యూరప్ పద్ధతి వేరు, అందులో సైజుకు సైజుకు తేడా ఆరున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. మన పిల్లల 13 అక్కడ రమారమి 32.

ఇంకో సంగతి. ఆ అంకె కాలి పొడవు కాదు, బూటు తయారు చేసిన అచ్చు పొడవు. 13 నంబరు అచ్చు 21 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ ఉంటుంది. అందులో హాయిగా పట్టేది 20 సెంటీమీటర్ల కాలు. పైగా ఒక తయారీదారు 13కూ ఇంకొకరి 13కూ లోపల తేడా ఉంటుంది. అందుకని అంకెను పక్కన పెట్టి సెంటీమీటర్లు చూడాలి.

కొలిచే పద్ధతి

పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. గోడ, తెల్ల కాగితం, పెన్సిలు, స్కేలు చాలు.

సాయంత్రం పూట కొలవాలి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. కాగితాన్ని గోడకు ఆనించి నేల మీద పరిచి, బడికి వేసుకునే సాక్సులతోనే పిల్లవాణ్ణి నిలబెట్టాలి. మడమ గోడకు తగలాలి, బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉండాలి. కూర్చోబెట్టి కొలిస్తే పొడవు తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువు పడినప్పుడే పాదం సాగుతుంది. అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి దగ్గర గీత పెట్టాలి. అది బొటనవేలే కానక్కర్లేదు, చాలామందికి పక్క వేలు పొడవు. రెండు కాళ్లూ కొలవాలి. ఒకటి కాస్త పెద్దగా ఉండటం సహజం. పెద్ద కాలికే బూటు తీసుకోవాలి. వేళ్ల మొదట్లో, పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట అడ్డంగా కూడా కొలిచి రాసుకోవాలి.

ఇప్పుడు అట్టముక్క పరీక్ష. వేలెడు వెడల్పు అట్టముక్కను కాలి పొడవు కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. దాన్ని బూటు లోపల మడమ నుంచి ముందుకు పరచండి. చక్కగా పడుకుంటే ఆ బూటు సరిపోతుంది. వంగితే పొట్టి. ముందు ఇంకా బోలెడు ఖాళీ మిగిలితే పెద్దది. బూటు పైనుంచి బొటనవేలితో నొక్కి చూడటం మనందరికీ తెలుసు. అయితే నొక్కగానే పిల్లలు వేళ్లు లోపలికి ముడుచుకుంటారు, ఖాళీ ఉందని మనం మోసపోతాం. అట్టముక్క ముడుచుకోదు.

వేశాక నాలుగడుగులు నడిపించండి. మడమ బూటులోంచి లేచి పడుతుంటే వదులు. బూటు వంగవలసింది వేళ్లు వంగే చోట. నడి పాదం దగ్గర వంగితే అది మంచి బూటు కాదు. సాక్సు ఇరుకైతే బూటు ఎంత మంచిదైనా వేళ్లు ముడుచుకునే ఉంటాయి. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

వెడల్పు మాటేమిటి?

మన షాపుల్లో పొడవుకు అంకె ఉంది గానీ వెడల్పుకు లేదు. మన పిల్లలకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది అక్కడే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే మన పాదాలు వెడల్పు అని తేలింది. ఆడపిల్లల పాదం 11 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలది 15, 16 ఏళ్ల ప్రాంతంలో ఎదుగుదల చివరికి చేరుతుందని కూడా చూశారు. దాని ఆధారంగా మన దేశానికి సొంత సైజు పద్ధతి కావాలని 'భ' అనే పేరుతో ప్రతిపాదించారు. ఆంబూరు, వాణియంబాడి తోళ్ల వ్యాపారంతో సంబంధమున్నవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. అది అంగళ్లలోకి వచ్చేదాకా మనం చేయవలసింది ఒకటే. ముందు భాగం కోసుగా ఉన్నవాటిని వదిలేసి గుండ్రంగా, వెడల్పుగా ఉన్నవి కొనాలి. ముఖ్యంగా ఆడపిల్లల బూట్లు చూపుకు నాజూగ్గా ఉంటాయి, వేళ్లను మాత్రం నలిపేస్తాయి.

మణిపాల్ వైద్యులు 1992లో ప్రచురించిన ఒక పరిశీలన కూడా చెప్పాలి. నాలుగు నుంచి పదమూడేళ్ల మధ్య ఉన్న 2,300 మంది పిల్లల్ని చూశారు. బూట్లు, చెప్పులు వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి అరికాలు వంపు లేని చదును పాదాలు కనిపించాయి. వేసుకోనివాళ్లలో నూటికి 2.8 మందికే. వేసుకునేవాళ్లలో కూడా ముందు భాగం మూసి ఉన్న బూట్లు వేసేవాళ్లలో ఎక్కువ, సాండల్స్, చెప్పులు వేసేవాళ్లలో తక్కువ. దీన్ని విని బూట్లు మానేద్దామని ఎవరూ అనుకోవద్దు. మండుటెండలో తారు రోడ్డు, గాజుపెంకులు, ముళ్లు, మట్టిలోంచి అరికాలి గుండా ఒంట్లోకి దూరే కొంకి పురుగులు, ఇవన్నీ మన పిల్లల దారిలోనే ఉన్నాయి. దీన్నుంచి నేను గ్రహించింది ఇంతే. ఇంట్లో, శుభ్రమైన నేల మీద పిల్లల్ని ఉత్తికాళ్లతో తిరగనివ్వాలి. మరీ చిన్నవాళ్లకు, బడి ఒప్పుకుంటే, ముందు భాగం తెరిచి ఉన్న సాండల్స్ ఇవ్వాలి. మూసిన బూటు ఇచ్చేటప్పుడు వేళ్లు కదిలే చోటు ఉండాలి.

మన పిల్లలకు ప్రత్యేకంగా రెండు సంగతులున్నాయి. మదర్సాలో, మస్జిద్‌లో పదే పదే బూట్లు విప్పి తొడుక్కోవాలి. లేసులు కట్టే ఓపిక లేక మడమ తొక్కేస్తారు. కాబట్టి చిన్నవాళ్లకు లేసుల కంటే అంటించే పట్టీ ఉన్నవే మేలు. రెండోది, వుజూ చేసి తడి కాళ్లతోనే సాక్సులు ఎక్కించేస్తారు. వేళ్ల సందులు పాచిపోతాయి. ఒక తువ్వాలుతో తుడుచుకుని వేసుకోమని ఉస్తాద్‌లు చెప్పాలి.

పెద్దది కొంటే పొదుపా?

"రెండేళ్లు వస్తాయి, పెద్దవే ఇవ్వండి భాయ్" అని తల్లులు అడుగుతారు. వాళ్లను తప్పుపట్టను. నా చిన్నప్పుడు మా అమ్మీ కూడా దూది పెట్టే బూటు తొడిగింది. కానీ పెద్ద బూటులో కాలు ముందుకు జారుతుంది, జారకుండా వేళ్లు ముడిచి పట్టుకుంటారు. ఇరుకు బూటు చేసే పనే పెద్ద బూటు కూడా చేస్తుంది. పరుగెత్తితే తట్టుకుని పడతారు. సరిపోయే నాటికి అడుగు అరిగిపోయి ఉంటుంది. కాబట్టి పొదుపు అనుకున్నది పొదుపు కాదు. ఒక సెంటీమీటరు ఖాళీ న్యాయం. అంతకు మించితే నష్టం.

అన్న బూటు తమ్ముడికి ఇవ్వడం కూడా ఆలోచించి చేయాలి. బాగా వాడిన బూటు మొదటివాడి నడకకు అణిగి ఉంటుంది. అడుగు ఒక పక్కకు అరిగినవి, మడమ తొక్కినవి ఇవ్వకూడదు. కొద్ది రోజులే వేసి బిగుతయినవి శుభ్రం చేసి ఇస్తే తప్పులేదు. ఒక కాలు పొట్టి అయినవాళ్లు, పాదం వంకరగా ఉన్నవాళ్లు, కుంటుతూ నడిచేవాళ్లు కనిపిస్తే మన గుట్టలోంచి ఒక జత తీసి చేతిలో పెట్టి పంపకూడదు. ముందు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ ఖర్చు కూడా బూట్ల ఖర్చే అనుకోవాలి.

దాతలకు నా మనవి

మొదటిది, జాబితాలో వయసు పక్కన సెంటీమీటర్ల గడి పెట్టండి. ఆర్డరుకు రెండు మూడు వారాల ముందు కొలుద్దాం. అంతకంటే ముందు కొలిస్తే ఆ కొలత పాతబడుతుంది. రెండోది, సరిపోని జతలు మార్చి ఇచ్చే వ్యాపారి దగ్గరే కొందాం. జతకు నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. మూడోది, పంపిణీ అయిన వారానికి మార్పిడి రోజు పెట్టి, "ఎవరి బూట్లూ వెనక్కి తీసుకోం, మార్చి ఇస్తాం" అని ముందే అందరి ఎదుట చెబుదాం.

నాలుగోది మీరే ఒప్పుకోవాలి. జూన్‌లో ఒక సెంటీమీటరు ఖాళీతో ఇచ్చిన బూటులో సంక్రాంతి సెలవులు అయ్యేసరికి అందులో సగమే మిగులుతుంది. తొందరగా ఎదిగేవాళ్లకు అదీ మిగలదు. కాబట్టి బూట్ల నిధిలో కొంత భాగం జనవరికి ఉంచాలి. దానర్థం జూన్‌లో ఫొటోలో కనిపించే గుట్ట చిన్నదవుతుంది. జనవరిలో ఇచ్చే పది, పదిహేను జతలకు సభ ఉండదు, శాలువా ఉండదు, సావనీర్‌లో ఫొటో కూడా పడకపోవచ్చు. మీ పేరు మీద ఇచ్చిన బూటు ఏడాది పొడవునా పిల్లవాడి కాలికి ఉండాలంటే ఇంతకు మించి దారి లేదు.

గత జూన్‌లో ఒక్క మదర్సాలో ఈ పద్ధతి చేసి చూశాం. వరండాలో గోడకు కాగితం పెట్టి, ఒక్కొక్కరినీ నిలబెట్టి కొలిచాం. రెండు సాయంత్రాలు పట్టింది. నా నడుం నొప్పి పుట్టింది. వారం తర్వాత మార్పిడి రోజున మొదటి గంట ఒక్కరూ రాలేదు. పాత భయం అంత తొందరగా పోదు కదా. తర్వాత ఏడేళ్ల పాప ఒకతి బూట్లు రెండు చేతులతో పట్టుకుని వచ్చి, నా ముందు పెట్టి, "చాచా, ఇది ఇక్కడ కరుస్తోంది" అని చిటికెన వేలు చూపించింది. షాపులో అలాంటి మాటలు వేల సార్లు విన్నాను, విసుక్కున్నాను కూడా. ఆ రోజు ఆ మాట విన్నప్పుడు కలిగిన సంతోషం మీకు చెప్పలేను. వెడల్పున్న జత తీసి వేశాను. నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది. పాప వెనక ఇంకో ఐదారుగురు వచ్చారు.

మనం ఇచ్చింది కరుస్తోందని పిల్లలు మనతో చెప్పగలిగే రోజు రావాలి. ఆ రోజే వాళ్లు మనల్ని సొంతవాళ్లు అనుకున్నట్టు. ఇన్షా అల్లాహ్, వచ్చే జూన్‌లో అన్ని చోట్లా కొలుద్దాం. కొలవడానికి యువకులు కావాలి. నా నడుం ఒక్కటే చాలదు. పేర్లు ఇవ్వదలచినవాళ్లు సభ అయ్యాక బయట చెప్పుల దగ్గరే నన్ను కలవండి.

మీరు ఇచ్చేదాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.